ఫ్రిజ్‌లో పెట్టిన మ్యాచ్

ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటాను. పోయినేడాది ఇంటర్ బ్రాంచ్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి తెలుగులో కామెంటరీ చెప్పిన ఆ గొంతు నాదే. ఆ రోజు కోర్టు దగ్గర ఉన్నవాళ్లు ఇప్పటికే మర్చిపోయి ఉంటే అది నా అదృష్టం. మర్చిపోకపోతే ఈ వ్యాసం చదివాక కొంచెం క్షమిస్తారని ఆశ.

నాకు మైక్ ఎందుకిచ్చారంటే, తెలుగు క్లబ్‌లో ఉన్నాను కాబట్టి తెలుగు వచ్చనుకున్నారు. నిజానికి నాది నర్సరీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. మైక్ ఆన్ అయ్యింది, ఆట మొదలైంది. నా నోట్లోంచి వచ్చింది ఇదీ: బాల్ పాస్ చేశాడు, డ్రిబుల్ చేశాడు, షూట్ చేశాడు, మిస్ చేశాడు. నలభై నిమిషాల పాటు నేను వాడిన అసలు సిసలు తెలుగు మాట ఒక్కటే. చేశాడు.

అక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ రికార్డింగ్‌ని మా తాతయ్యకి వాట్సాప్‌లో పంపాను. తాతయ్యకి నీటికాసులు. రెండేళ్లుగా చూపు దాదాపు పోయింది. ఐపీఎల్ వస్తే టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుని తెలుగు కామెంటరీ వింటాడు, అంతే. మనవరాలి గొంతు కదా, నా రికార్డింగ్ మొత్తం విన్నాడట. రాత్రి ఫోన్ చేసి వరసగా అడిగాడు. అందరిలోకీ పొడుగువాడు ఎవరు, మీవాళ్లు ఏ వైపు రింగులో వేస్తున్నారు, ఆఖర్న తప్పిపోయిన బంతిని దగ్గర్నుంచి వేశాడా దూరం నుంచి వేశాడా అని. ఒక్కదానికీ నా రికార్డింగ్‌లో జవాబు లేదు. చివరికి తాతయ్య మెల్లిగా ఒక మాట అన్నాడు. స్కోరు తెలిసింది కానీ ఆట కనబడలేదమ్మా అని.

కోపంగా అన్లేదు. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాస్కెట్‌బాల్ కామెంటరీ ఎలా చెప్పాలి అని వెతుకుతూ పోతే ఒకాయన దొరికాడు. పేరు చిక్ హెర్న్. అమెరికాలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ టీమ్‌కి నలభై ఏళ్ల పైన గొంతు ఆయనే. నేను పుట్టకముందే, 2002లో చనిపోయాడు. తర్వాత రెండు వారాలు ఇంటర్నల్స్‌కి చదవాల్సిన టైమ్‌లో ఆయన గురించి చదివాను. ఆ ఇంటర్నల్స్‌లో నా మార్కుల గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు.

అసలు పేరు ఫ్రాన్సిస్ డేల్ హెర్న్. 1916 నవంబర్ 27న పుట్టాడు. పెరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా అనే ఊళ్లో. షికాగోకి దగ్గర. పియోరియా అనే ఊళ్లో ఉన్న బ్రాడ్లీ యూనివర్సిటీలో చదివాడు, అక్కడ బాస్కెట్‌బాల్ ఆడేవాడు. మరి ఫ్రాన్సిస్ కాస్తా చిక్ ఎలా అయ్యాడు? టీమ్‌మేట్స్ ఒకరోజు ఆయన చేతిలో షూ డబ్బా పెట్టారు. కొత్త బూట్లు వచ్చాయని సంబరంగా మూత తీస్తే లోపల చచ్చిన కోడి ఉంది. ఆ రోజు నుంచి చిక్. హాస్టల్లో పెట్టిన నిక్‌నేమ్స్ జన్మంతా వదలవని మనకి తెలుసు. ఈయనకైతే అదే పేరు హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద నక్షత్రంలో కూడా ఎక్కింది, 1986లో.

1938లో మార్జ్ అనే ఆవిడని పెళ్లి చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో పనిచేశాడు. తర్వాత రేడియోలోకి వచ్చి, పియోరియాలో తను చదువుకున్న బ్రాడ్లీ టీమ్ ఆటలకే కామెంటరీ చెప్పాడు. అంటే మొదట్లో ఆయన కూడా మనలాగే, సొంత కాలేజీ కోర్టు పక్కన మైక్ పట్టుకుని కూర్చున్నవాడే. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. 1956లో లాస్ ఏంజెలెస్ వెళ్లి అక్కడి సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ మ్యాచ్‌లు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి నలభై దగ్గర పడుతున్నాయి. ఆయన పేరు ఏ టీమ్‌తో ముడిపడి ఉందో ఆ టీమ్ అప్పటికింకా ఆ ఊరికే రాలేదు.

లేకర్స్ అంటే సరస్సుల వాళ్లు అని అర్థం. లాస్ ఏంజెలెస్‌లో అంత చెప్పుకోదగ్గ సరస్సులెక్కడివని నాకూ డౌట్ వచ్చింది. ఆ టీమ్ మొదట మినియాపొలిస్‌ది. అక్కడి మినసోటా రాష్ట్రానికి వేల సరస్సుల రాష్ట్రమని పేరు. 1960లో టీమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి తరలించారు, పేరు మాత్రం అలాగే ఉంచేశారు. కొత్త ఊళ్లో వాళ్లని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్ట్ లాంటి మహా ఆటగాళ్లు ఆడుతున్నా హాల్లో సగం పైన కుర్చీలు ఖాళీ.

1961 మార్చిలో ప్లేఆఫ్స్ జరుగుతున్నాయి. సెయింట్ లూయిస్ హాక్స్ అనే టీమ్‌తో సిరీస్ గట్టిగా నడుస్తోంది. అప్పుడు టీమ్ ఓనర్ బాబ్ షార్ట్ ఒక పని చేశాడు. చిక్ హెర్న్‌ని సెయింట్ లూయిస్ పంపించి అక్కడి మ్యాచ్‌ని రేడియోలో చెప్పించాడు. లాస్ ఏంజెలెస్ జనం ఇంట్లో కూర్చుని విన్నారు. తర్వాతి మ్యాచ్‌కి టీమ్ సొంతూరు వచ్చేసరికి హాలు నిండిపోయింది. ఆ సిరీస్ చివరికి లేకర్స్ ఓడిపోయారు, అది వేరే సంగతి. ఒక్క రాత్రి రేడియో విని జనం టికెట్ కొనుక్కోవడానికి వచ్చారంటే, విన్నవాళ్లకి ఆ ఆట ఎలా కనబడి ఉంటుందో ఆలోచించండి. ఆ రోజు నుంచి ఆయన లేకర్స్ మనిషి అయిపోయాడు.

ఇక్కడ ఒక చిన్న వివరణ. ఆట కామెంటరీలో రెండు రకాలున్నాయి. బంతి ఎవరి చేతిలో ఉంది, ఎక్కడుంది, ఏమవుతోంది అని ఆటతో పాటు పరిగెడుతూ చెప్పేది ఒకటి. దాన్ని ప్లే బై ప్లే అంటారు. అదెందుకు అలా జరిగింది, ఆ ఆటగాడి గొప్పేంటి, లోపమేంటి అని మధ్యమధ్యలో విడమరిచేది రెండోది. మామూలుగా మొదటి పని ఒకరు, రెండో పని ఇంకొకరు చేస్తారు. చిక్ హెర్న్ మొదటి రకం. అయితే ఆయన పక్కన కూర్చున్న రెండో మనిషికి నోరు విప్పే సందు దొరకడమే కష్టమని అందరూ సరదాగా చెప్పుకునేవాళ్లు. అలా పక్కన కూర్చున్నవాళ్లలో పాట్ రైలీ ఒకడు. 1977 నుంచి రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, తర్వాత అదే టీమ్‌కి కోచ్ అయ్యి నాలుగు టైటిల్స్ గెలిపించాడు.

క్రికెట్ కామెంటరీకి ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది. బౌలర్ వెనక్కి నడిచి వెళ్లే లోపు టీ తాగి రావచ్చు. బాస్కెట్‌బాల్‌లో అది కుదరదు. పదిమంది ఆటగాళ్లు, 94 అడుగుల కోర్టు, బంతి దొరికాక 24 సెకండ్లలో రింగు వైపు వేసి తీరాలి. వేయగానే అటువాళ్లు లాక్కుని ఇటు పరిగెడతారు. ఇంతలో ఎన్ని మాటలు పడతాయి? చిక్ హెర్న్ రికార్డింగ్స్ ఇప్పటికీ దొరుకుతాయి, విన్నాను. మొదటి రెండు నిమిషాలు ఒక్క ముక్క అర్థం కాలేదు. సబ్‌టైటిల్స్ లేకుండా ఇంగ్లిష్ సినిమా చూస్తాననే పొగరు అక్కడ దిగిపోయింది. ఆ స్పీడ్‌కి చెవి అలవాటు పడ్డాక మాత్రం ఒకటి గమనించాను. ఆయన ఒక్క మాట కూడా గాల్లో వదలడు. బంతి ఎవరి దగ్గరుందో చెబితే, ఆ మనిషి కోర్టులో ఎక్కడ నిలబడ్డాడో చెబుతాడు. రింగుకి ఎన్ని అడుగుల దూరమో చెబుతాడు. ఏ చేత్తో ఆడిస్తున్నాడో, ఎదురుగా ఎవడు అడ్డం పడ్డాడో చెబుతాడు. మా తాతయ్య అడిగిన ప్రశ్నలన్నిటికీ ఎవరూ అడగకముందే జవాబు చెప్పేస్తున్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటుంది. లేకర్స్ ఏ వైపు ఆడుతున్నారో చెప్పడానికి ఆయన రేడియోనే కొలతగా పెట్టుకున్నాడు. పాత రేడియోలకి ముందు వైపు అంకెలున్న అడ్డ పట్టీ ఉంటుంది కదా, స్టేషన్ మారిస్తే ముల్లు దాని మీద జరుగుతుంది. మీ ముందున్న ఆ పట్టీ మీద మావాళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్తున్నారు అన్నట్టు చెప్పేవాడు. ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. వింటున్నవాడికి కోర్టు కనబడదు. కానీ వాడి ఎదురుగా బల్ల మీద రేడియో ఉంది. ఆ రేడియోనే కోర్టు చేసేశాడు. కోడింగ్ భాషలో చెప్పాలంటే, యూజర్ దగ్గర ఉన్న హార్డ్‌వేర్ ఏంటో ముందు చూసుకుని దాని మీద ప్రోగ్రామ్ రాసినట్టు.

ఇంకో విచిత్రం. చాలా ఏళ్ల పాటు లేకర్స్ మ్యాచ్‌లకి టీవీకీ రేడియోకీ ఒకే కామెంటరీ వెళ్లేది. అంటే టీవీలో బొమ్మ కనబడుతున్నవాడికీ, చీకట్లో కారు నడుపుతూ రేడియో వింటున్నవాడికీ ఒకే గొంతు. అందుకే టీవీ ఉంది కదా, వాళ్లే చూసుకుంటారులే అని ఆయన ఏ మాటనీ తగ్గించలేదు. చూపు ఉన్నవాళ్ల కోసం లేనివాళ్లకి తక్కువ చేయలేదు. పైగా టీమ్ జీతం తింటున్నాం కదా అని టీమ్‌ని మోసిందీ లేదు. కొంతకాలం ఆయనకి టీమ్ మేనేజ్‌మెంట్‌లో పదవి కూడా ఉండేది. అయినా లేకర్స్ చెత్తగా ఆడితే మైక్‌లోనే కడిగేసేవాడు. దాంతో బాగా ఆడారని ఆయనంటే జనం నమ్మేవాళ్లు.

ఇక మాటల విషయానికి వద్దాం. నా అసలు సమస్య అక్కడే కదా. బాస్కెట్‌బాల్‌లో ఇవాళ ప్రపంచమంతా వాడే మాటల్లో చాలా వాటిని చిక్ హెర్న్ పుట్టించాడనో, ఆయనే వాడుకలోకి తెచ్చాడనో చెబుతారు. స్లామ్ డంక్, ఎయిర్ బాల్, ఫింగర్ రోల్ అన్నీ ఆయన ఖాతాలోవే. మన హాస్టల్లో స్లామ్ డంక్ యానిమే చూసి కోర్టుకి పరిగెత్తినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పేరు వెనకాల కోడి డబ్బా తెరిచిన పెద్దాయన ఉన్నాడని వాళ్లకి తెలియదు.

ఈ మాటలు ఆయన ఏ నిఘంటువులోంచీ తేలేదు. ఎక్కువ భాగం వంటింట్లోంచి, వీధి చివర బండి దగ్గర్నుంచి తెచ్చాడు. ఆటగాడు బంతిని నేలకేసి కొడుతూ నిలబడితే దారం కట్టిన యోయో బొమ్మ ఆడిస్తున్నట్టు చెప్పేవాడు. ఒకడు దొంగ కదలికతో ఎదుటివాణ్ణి బోల్తా కొట్టిస్తే, వాడు పోయి పాప్‌కార్న్ మెషిన్‌లో పడ్డాడనేవాడు. హాల్లో పాప్‌కార్న్ అమ్మే చోటు వినేవాళ్లందరికీ తెలుసు కాబట్టి వాడెంత దూరం పోయాడో అర్థమయ్యేది. స్టైల్ కొట్టబోయి బంతి పోగొట్టుకున్నవాడి గురించి, హాట్ డాగ్ మీద ఆవాల ముద్ద జారిపోయిందనేవాడు.

అన్నిట్లోకీ పేరున్నది ఫ్రిజ్. ఇక అటువాళ్లు ఎంత ఆడినా గెలవలేరు, మ్యాచ్ మనదే అని తన లెక్కలో తేలిపోగానే, ఈ మ్యాచ్‌ని ఫ్రిజ్‌లో పెట్టేశాం అని ప్రకటించేవాడు. అక్కడితో ఆగడు. తలుపు మూసుకుంది, లోపల లైట్ ఆరిపోయింది, గుడ్లు చల్లబడుతున్నాయి, వెన్న గట్టిపడుతోంది, జెల్లీ వణుకుతోంది అంటూ ఫ్రిజ్ లోపలంతా చూపించేవాడు. నాకు దీంట్లో నవ్వు కంటే ఎక్కువ ఏదో ఉందనిపించింది. ఇంకా టైమ్ మిగిలుండగానే గెలుపు చెప్పేయడం రిస్క్. తప్పయితే పరువు పోతుంది. అయినా చెప్పేవాడు. దాన్ని ఏ పెద్ద మాటతోనో కాకుండా, ప్రతి ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌తో చెప్పేవాడు. రేడియో వింటున్న ముసలావిడ తల తిప్పితే ఆ ఫ్రిజ్ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మన సీఎస్ఈ వాళ్లకి ప్రాణమైన సంగతి. స్ట్రీక్. కోడింగ్ సైట్‌లో రోజూ ఒక ప్రాబ్లమ్ చేసి స్ట్రీక్ కాపాడుకోవడానికి పండగ రోజు కూడా చుట్టాల మధ్య ల్యాప్‌టాప్ తెరిచే జాతి మనది. నా రికార్డు 61 రోజులు. కరెంటు పోయి తెగిపోయిన రోజు అన్నం తిన్లేదు. చిక్ హెర్న్ స్ట్రీక్ చెబుతాను, కూర్చుని వినండి. 1965 నవంబర్ 20న ఆయన ఒక మ్యాచ్ మిస్ అయ్యాడు. ఆర్కెన్సా రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చెప్పడానికి వెళ్లి, వాతావరణం బాగోక అక్కడే చిక్కుకుపోయాడు. మర్నాడు, అంటే నవంబర్ 21 నుంచి మళ్లీ మైక్ ముందు కూర్చున్నాడు. అప్పట్నుంచి 2001 డిసెంబర్ 16 దాకా ఒక్కటంటే ఒక్క లేకర్స్ మ్యాచ్ తప్పలేదు. వరసగా 3,338 మ్యాచ్‌లు. 36 ఏళ్లు. లెక్కేస్తే ఏడాదికి తొంభైకి పైగా. అందులో సగం పరాయి ఊళ్లలో.

ఆ 36 ఏళ్లలో ఎన్ని చూశాడో. 1960లలో లేకర్స్ ఆరు సార్లు ఫైనల్‌కెళ్లి ఆరు సార్లూ బోస్టన్ సెల్టిక్స్ చేతిలోనే ఓడారు. ఆ ఓటములన్నీ ఈ నోటితోనే చెప్పాలి. 1971-72 సీజన్‌లో వరసగా 33 మ్యాచ్‌లు గెలిచారు. అంత పెద్ద విన్నింగ్ స్ట్రీక్ ఆ లీగ్‌లో ఇప్పటికీ ఇంకెవరికీ లేదు. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌కి మొదటి టైటిల్ వచ్చింది. తర్వాత మ్యాజిక్ జాన్సన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్‌లతో 1980లలో ఐదు. ఆపైన షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్. మనలో చాలామందికి లేకర్స్ అంటే కోబీయే కదా. 1960లో ఆట మొదలుపెట్టిన జెర్రీ వెస్ట్‌నీ, 1978లో పుట్టిన కోబీనీ కూడా లాస్ ఏంజెలెస్ జనం ఒకే గొంతులో విన్నారు.

ఇక్కడి దాకా చదివి నేను పొంగిపోయాను. అబ్బ, ఏం డిసిప్లిన్, రూమ్‌లో పోస్టర్ అంటించాలి అనుకున్నాను. తర్వాతి పేజీలో ఆయన ఇంటి సంగతి చదివాను.

చిక్, మార్జ్‌లకి ఇద్దరు పిల్లలు. కొడుకు 1972లో డ్రగ్స్ వల్ల చనిపోయాడు. అవును, టీమ్ మొదటి టైటిల్ గెలిచిన ఏడాదే. కూతురు తిండి మానేసే జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి 1990లో చనిపోయింది. ఆ రెండు చావులూ ఆ 36 ఏళ్ల స్ట్రీక్ లోపలే ఉన్నాయి. 3,338 అనే అంకెని మళ్లీ చూశాను. అందులో ఈ రెండూ ఎక్కడా కనబడవు. అంకె అలాగే నున్నగా ఉంది.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఆ స్ట్రీక్ మీద కోపం వచ్చింది. ఇంట్లో అంత జరుగుతుంటే ఈయన రాత్రికో ఊళ్లో కూర్చుని ఎవడు ఎన్ని అడుగుల నుంచి వేశాడో చెబుతున్నాడా అని. తర్వాత ఇంకోలా అనిపించింది. రోజూ ఏదో ఒక టైమ్‌కి, నువ్వు చూడాల్సింది ఇదీ అని ఎదురుగా ఒకటి ఉండటమే ఆయన్ని నిలబెట్టిందేమో అని. రెండిట్లో ఏది నిజమో తేల్చడానికి పందొమ్మిదేళ్ల నేనెవర్ని? మార్జ్ మాత్రం చివరి దాకా ఆయనతోనే ఉంది. 64వ పెళ్లిరోజుకి వారం ముందు దాకా. పోస్టర్ మాత్రం నేను అంటించలేదు. నా 61 రోజుల స్ట్రీక్ గురించి గొప్పలు చెప్పడం కూడా అప్పుడే మానేశాను. ఇందాక చెప్పింది ఆఖరిసారి.

2001 డిసెంబర్‌లో స్ట్రీక్ తెగింది. ఎవరూ తెంపలేదు, గుండె కవాటం మొరాయించింది. ఆపరేషన్ చేశారు. కోలుకుంటుండగా కిందపడి తుంటి ఎముక విరిగింది. వయసు 85. ఎవరైనా అక్కడితో చాలనుకుంటారు. ఆయన 2002 ఏప్రిల్ 9న మళ్లీ వచ్చి మైక్ ముందు కూర్చున్నాడు. ఇప్పుడు కాపాడుకోవడానికి స్ట్రీక్ కూడా లేదు. తెగిపోయిందిగా. అయినా వచ్చాడంటే అంకె కోసం మాత్రం కాదని నాకు అర్థమైంది. నా కోపం తగ్గింది అక్కడే.

ఆ జూన్ 12న న్యూజెర్సీ నెట్స్‌ని ఓడించి లేకర్స్ వరసగా మూడో టైటిల్ గెలిచారు. ఆయన చెప్పిన ఆఖరి మ్యాచ్ అదే. ఆగస్టు 2న ఇంటి పెరట్లో మొక్కల దగ్గర పడిపోయాడు. తలకి దెబ్బ తగిలింది. మళ్లీ తెలివి రాలేదు. 5వ తేదీన చనిపోయాడు. మర్నాటి ఏడాది, 2003లో, బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ని తీసుకున్నారు. లేకర్స్ తమ గొప్ప ఆటగాళ్ల జెర్సీలని హాలు గోడకి వేలాడదీస్తారు, ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వరు. చిక్ హెర్న్‌కి నంబర్ లేదు. అందుకని జెర్సీ మీద మైక్ బొమ్మ వేసి వేలాడదీశారు.

2010లో వాళ్ల హాలు బయట ఆయన విగ్రహం పెట్టారు. విగ్రహాలంటే మనకి తెలిసింది నిలబడి చెయ్యి చాపినవే. ఇది అలా కాదు. బల్ల ముందు మైక్‌తో కూర్చుని ఉంటాడు. పక్కనే ఇంకో కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, ఫోటో దిగవచ్చు. బతికుండగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి మాట్లాడే సందు దొరికేది కాదు. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

మళ్లీ మన కాలేజీకి వస్తాను. ఈ ఏడాది కూడా నాకే మైక్ ఇచ్చారు. వేరే ఎవరూ ముందుకు రాలేదు, అంతే. ఈసారి రెండు పనులు చేశాను. ఒకటి, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యతో కూర్చుని మాటల లిస్ట్ తయారు చేశాను. బంతి రింగునీ, బోర్డునీ, వలనీ దేన్నీ తాకకుండా పోతే ఏమనాలి తాతయ్యా అంటే, చుట్టపుచూపుగా కూడా రాలేదని చెప్పమన్నాడు. ఎదుటివాడు దొంగ అడుగుకి మోసపోతే, వాణ్ణి కాలేజీ గేటు ముందు మిర్చి బజ్జీల బండి దాకా పంపించాడనాలని నేనన్నాను. తాతయ్య పడి పడి నవ్వాడు. ఇక ఫ్రిజ్. మా నాయనమ్మ రాత్రి పని అయిపోయిందంటే గిన్నెలన్నీ కడిగి గట్టు మీద బోర్లించేస్తుంది. ఆ తర్వాత వంటింట్లో ఎవరికీ ఏమీ దొరకదు. అడిగినా పెట్టదు. ఇంక చెప్పేదేముంది, మా ఫ్రిజ్ మాకు దొరికింది.

రెండో పని. మ్యాచ్ రోజు ఫోన్‌లో తాతయ్యకి కాల్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి, మైక్ పక్కన బల్ల మీద పెట్టాను. మొదట చెప్పింది తాతయ్య కుర్చీ గురించి. నీ కుర్చీకి కుడి చేతి వైపు కిటికీ ఉంది కదా, మావాళ్లు ఆ కిటికీ వైపు వేస్తున్నారు, ఎడమ చేతి వైపు దేవుడి గది, అటు ఈసీఈ వాళ్లు. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లకి నేనేం మాట్లాడుతున్నానో అర్థం కాలేదు. కొంతమంది నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

ఆ తర్వాత చాలాసార్లు తడబడ్డాను. పాస్ చేశాడు, షూట్ చేశాడు మళ్లీ వచ్చాయి. ఆ స్పీడ్‌లో ఇంకేం వస్తాయి? కానీ పొడుగువాడు ఎవరో చెప్పాను. ఎన్ని అడుగుల దూరమో చెప్పాను. మూడో క్వార్టర్‌లో మా బ్రాంచ్ వాడి బంతి చుట్టపుచూపుగా కూడా రాలేదన్నప్పుడు మెట్ల మీద కూర్చున్న బ్యాచ్ మొత్తం ఈలలు వేసింది. ఇంకో నాలుగు నిమిషాలుందనగా ఈసీఈ వాళ్లు పద్దెనిమిది పాయింట్లు ముందున్నారు. ఓడిపోతున్నది నా సొంత బ్రాంచే. టీమ్‌ని మోయొద్దు కదా. గొంతు సరి చేసుకుని చెప్పేశాను. అన్నాలు తినేశారు, గిన్నెలు కడిగేశారు, గట్టు తుడిచేశారు, బోర్లించేశారు, లైట్ ఆర్పేశారు, మావాళ్లకి ఈ రాత్రి పస్తే అని.

మ్యాచ్ అయ్యాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. కాల్ ఇంకా నడుస్తోంది. గంటా పన్నెండు నిమిషాలు. తాతయ్య ఓడినందుకు బాధపడలేదు. కిటికీ వైపు వేసే ఆ బక్కపల్చని కుర్రాడు చివర్లో ఎందుకు కుంటాడని అడిగాడు. కుంటాడని నేనెక్కడా చెప్పలేదే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆఖరి క్వార్టర్‌లో వాడు ఎడమ కాలు ఈడుస్తూ వెనక్కి వస్తున్నాడని ఒక్కసారి, గబగబా, అన్నాను.

అంటే తాతయ్య చూశాడు.